కోవిడ్ లాంటి వార్డులో డ్యూటీ పడితే టెన్షన్ తగ్గించుకోవడం ఎలా: ఒక శ్రీకాకుళం నర్సు పద్ధతి

"ధైర్యంగా ఉండండి సిస్టర్." 2020లోనూ 2021లోనూ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మీటింగుల్లో అన్నారు, ఫోన్లో చుట్టాలన్నారు, వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టి మరీ అన్నారు. ఆ మాటతో నాకు ఒక్క రాత్రి కూడా నిద్ర పట్టింది లేదు. నిద్ర పట్టించినవి వేరే ఉన్నాయి. డ్యూటీకి ముందు తాగిన చోడి (రాగి) అంబలి, నాతో పాటు పీపీఈ కిట్ (ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు) వేసుకునే తోడు సిస్టరు, పేషెంట్ల ఇంటివాళ్ల ఫోన్లకి పెట్టుకున్న టైము, కిట్ తీసే గదిలో గోడకున్న అద్దం. చూడటానికి అన్నీ చిల్లర విషయాలే. కానీ వార్డు నర్సుకి టెన్షన్ ఎక్కేది ఇలాంటి చిల్లర విషయాల దగ్గరే, దిగేదీ అక్కడే.

నేను శ్రీకాకుళంలో స్టాఫ్ నర్సుని. 2021లో ఇంకా నర్సింగ్ చదువుకుంటున్న పిల్లలు ఇప్పుడు డ్యూటీల్లోకి వచ్చారు. "మళ్లీ అలాంటిదొస్తే ఏం చెయ్యాలక్కా?" అని వాళ్లు అడుగుతుంటే చెప్తూ వచ్చినవే ఇక్కడ రాస్తున్నాను. కరోనాయే రానక్కర్లేదు. డెంగ్యూ రోజుల్లో ఒక్కో బెడ్డు మీద ఇద్దరు పడుకున్నప్పుడు కూడా ఇందులో సగం పనికొస్తుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక విచిత్రం జరిగింది. రాష్ట్రంలో కరోనా చిట్టచివర అడుగుపెట్టింది మన దగ్గరే. శ్రీకాకుళంలో మొదటి కేసులు 2020 ఏప్రిల్ నెలాఖరులో తేలాయి, విజయనగరంలో మే వచ్చాక. మార్చి 22న జనతా కర్ఫ్యూ నాడు పళ్లేలు మోగినప్పటి నుంచి నెలరోజుల పైన ఖాళీ బెడ్లు సర్దుకుంటూ, టీవీలో పక్క జిల్లాల లెక్కలు చూస్తూ భయపడ్డాం. గుజరాత్ వెరావల్‌లో చిక్కుకుపోయిన మన మత్స్యకారులు బస్సుల్లో బయల్దేరారని తెలిసిన రోజు మా వార్డులో ఎవరూ అన్నం సరిగా తినలేదు. వాళ్లూ మనవాళ్లే కదా అని తర్వాత సిగ్గుపడ్డాం. ఆ నెల ఊరికే కూర్చుని పడ్డ భయం, తర్వాత చేసిన పనికంటే ఎక్కువ పీల్చేసింది. అందుకే మొదటి మెట్టు వార్డులో కాదు, ఇంట్లో ఉంది.

రోస్టర్ రాకముందే ఇంట్లో మాట్లాడేయండి

పేరు రోస్టర్‌లో, అంటే డ్యూటీల లిస్టులో పడ్డాక మాట్లాడితే అది గొడవ అవుతుంది. ముందే మాట్లాడితే ఏర్పాటు అవుతుంది. ఒక సాయంత్రం ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి, కాగితం మీద ఇవి రాయండి. పిల్లల్ని ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు. మీరు ఇంటికొస్తే ఏ గదిలో ఉంటారు, ఏ బాత్రూమ్ వాడతారు. ఒకే గది ఇల్లయితే హాస్టలా, చుట్టాలిల్లా. మీకు జ్వరమొస్తే ఎవరికి మొదట ఫోన్ వెళ్లాలి. ఏటీఎం కార్డు, ఆరోగ్య కార్డు, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయి.

నేనిలా రాస్తుంటే మా అత్తయ్య "ఇవన్నీ ఇప్పుడెందుకమ్మా, శుభమా అని డ్యూటీకెళ్తూ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను చెప్పింది ఒకటే. అత్తయ్యా, ఇది కాగితం మీదుంటే నా బుర్రలో ఉండదు. బుర్రలో ఉంటే ఇంజక్షన్ ఎక్కిస్తూ కూడా ఇదే తిరుగుతుంది. ఆవిడే తర్వాత ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టారు.

చిన్నపిల్లలుంటే వాళ్లకి రోజూ ఒకే టైముకి ఫోన్ చేస్తానని చెప్పండి. ఎన్నిసార్లు చేస్తారన్నది ముఖ్యం కాదు, చెప్పిన టైముకి చేయడం ముఖ్యం. మా పాప రాత్రి ఏడున్నరకి ఫోన్ పట్టుకుని కూర్చునేది. ఎనిమిదైతే ఏడుపే. ఏడున్నరకి కుదరని రోజు మధ్యాహ్నమే ఆ మాట చెప్పేదాన్ని.

కడుపు, నీళ్లు, బాత్రూమ్

దీన్ని చిన్న విషయం అనుకుంటే అక్కడే దెబ్బతింటారు. ఆరు గంటల కిట్‌లో మొదటి నెల మాలో చాలామందిమి బాత్రూమ్ భయంతో నీళ్లు తాగడం మానేశాం. నాలుగో గంటకి తలనొప్పి, గుండె దడ, చిరాకు, కళ్లు బైర్లు. అదంతా టెన్షన్ అనుకున్నాం. కొందరు కరోనాయే వచ్చేసిందనుకుని రాపిడ్ టెస్టుకి పరిగెత్తారు. తీరాచూస్తే సగం దాహం. మే నెలలో మన సముద్రపు ఉక్క సంగతి తెలిసిందేగా. పైగా మొదట్లో గాలి తిరుగుతుందని ఏసీలు కూడా ఆపేశారు. కిట్ తీసి చెయ్యి కిందకి వంచితే గ్లవ్ లోంచి చెమట ధారగా కారేది. ఒకరోజు మా తోడు సిస్టరు ఆ ధార చూసి, "అక్కా, నీ చేతికి సెలైన్ లీకవుతోంది" అంది. ఆ రోజంతటికీ నవ్వింది అప్పుడే.

నేను పాటించిన పద్ధతి ఇది. డ్యూటీకి రెండు గంటల ముందు నుంచి కొద్దికొద్దిగా నీళ్లు. గంట ముందు ఉప్పేసిన చోడి అంబలి ఒక పెద్ద గ్లాసు, లేకపోతే మజ్జిగన్నం. చోడి కడుపులో నిలుస్తుంది, ఇడ్లీ మూడు గంటలకే అరిగిపోతుంది. పది నిమిషాల ముందు బాత్రూమ్. తర్వాత ఒక గుక్క నీళ్లు మాత్రమే. ముక్కు దూలం మీద, చెవుల వెనక ముందే మెత్తటి టేపు అంటించుకోవాలి, పుండు పడ్డాక కాదు. ఆ టేపు మాస్కు అంచు కిందకి వెళ్లి గాలి సందు చేయకుండా చూసుకోండి. నెలసరి రోజుల్లో ప్యాడ్ చాలదు, పెద్దల డైపరే మేలు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ రోజుల్లో వీలైతే సగం డ్యూటీ మార్చుకోండి, ఆ మార్పుకి ఒప్పుకోని హెడ్ సిస్టర్ని నేనింతవరకూ చూడలేదు. అడగనివాళ్లని మాత్రం చాలామందిని చూశాను.

ఒంటరిగా కిట్ వేసుకోకండి

ఎప్పుడూ ఇద్దరు. ఒకరు వేసుకుంటుంటే ఇంకొకరు క్రమం పైకి చదవాలి. మీరు ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లయినా సరే చదివించుకోండి. ఆ జత ఆ షిఫ్టంతా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలి. కొత్తగా వచ్చిన పిల్లని పాత సిస్టర్‌తో జతచేయాలి తప్ప ఇద్దరు కొత్తవాళ్లని కలపకూడదు.

ఎన్95 బిగించాక కొంతమందికి ఊపిరి ఆడనట్టుంటుంది, పీకి పారేయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. అది చేతకానితనం కాదు. మాస్కులో గాలి బరువుగా తగిలేసరికి ఊపిరి వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆడటం లేదనే భయం పెరుగుతుంది. వార్డులోకి వెళ్లక ముందే గోడకి ఆనుకుని నిలబడండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదలడం పీల్చడం కంటే ఎక్కువసేపు ఉండాలి, కిటుకంతా అందులోనే ఉంది. ఇలా పదిసార్లు. రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇంటి దగ్గర అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది, నేను పప్పు ఉడుకుతున్నప్పుడు పొయ్యి ముందు చేసేదాన్ని.

చివరగా ఛాతీ మీద, వీపు మీద స్కెచ్ పెన్నుతో మీ పేరు పెద్ద అక్షరాలతో రాయించుకోండి. డాక్టర్లు గుర్తుపట్టడానికి అంటారు గానీ, అసలు లాభం పేషెంట్లకి. ఉద్దానం నుంచి, కవిటి వైపు నుంచి వచ్చిన ఒక మామ్మ మూడోరోజు నన్ను చెయ్యి పట్టుకుని ఆపింది. "ఓలమ్మా, నిన్న నాకు నీల్లిచ్చిన గుంటవి నువ్వేనా? ముసుగులోన అందరూ ఒక్కలాగే అగుపిస్తన్నారు" అంది. ఆవిడకి చదువు రాదు. అందుకని నా పేరు పక్కన ఒక పువ్వు గీయించుకున్నాను. మర్నాటి నుంచి నేను "పువ్వు సిస్టరమ్మ"ని. భయపడే పేషెంటు నిమిషానికోసారి పిలుస్తారు, గుర్తుపట్టిన పేషెంటు గంటకోసారి పిలుస్తారు. ఆ తేడా మీ టెన్షన్‌లో తెలుస్తుంది.

నాలుగో గంట దాటాక మీ కళ్లని మీరు నమ్మకండి

ఇది నా తప్పు లోంచి నేర్చుకున్న మెట్టు, కాబట్టి దాచకుండా చెప్తాను.

2021 మే. డ్యూటీ ఐదో గంట. కళ్లద్దాల నిండా ఆవిరి. 12వ బెడ్ ఆయనకి పొట్ట మీద ఇవ్వాల్సిన ఇంజక్షన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది, 0.6 డోసు లోడ్ చేసుకుని నడిచాను. ఆగింది 21వ బెడ్ దగ్గర. చొక్కా ఎత్తి స్పిరిట్ దూది కూడా రాశాను. వెనక నుంచి నా తోడు సిస్టరు "అక్కా, ఆయన డయాలసిస్ కేసు కదా!" అని అరిచింది. కిడ్నీలు పనిచేయని మనిషికి ఆ మందు ఆ డోసులో పడితే ఒంట్లోనే నిలిచిపోయి రక్తస్రావం అయ్యే ప్రమాదం. ఉద్దానం కిడ్నీ కేసులు వచ్చే మన వార్డుల్లో ఇది పుస్తకంలోని మాట కాదు, రోజూ చేతిలో ఉండే విషయం.

ఏమీ జరగలేదు. పేషెంటుకి తెలియను కూడా తెలియలేదు. నాకు మాత్రం చెయ్యి వణుకు ఆగలేదు. ఆ వారమంతా ప్రతి సిరంజి మీద పేరు నాలుగేసి సార్లు చదివేదాన్ని, ఇంటికెళ్లాక కూడా "ఇచ్చానా, ఎవరికిచ్చాను" అని లేచి కూర్చునేదాన్ని.

అప్పటి నుంచి మేము పెట్టుకున్న కట్టుబాటు ఇది. రక్తం పలచబరిచేవి, ఇన్సులిన్, పొటాషియం, మత్తుమందులు, ఈ నాలుగూ ఏ గంటలోనైనా ఇద్దరు చూసే ఇవ్వాలి. నాలుగో గంట దాటాక అయితే ఏ ఇంజక్షనైనా సరే. ఒకరు కేస్ షీట్ చూసి పేరు, బెడ్, మందు, డోసు పైకి చదవాలి, ఇంకొకరు పేషెంటు చేతి పట్టీ చూసి అవునో కాదో చెప్పాలి. కిడ్నీ కేసుల బెడ్‌కి ఎర్ర టేపు అంటించాం. చెయ్యి పట్టీ లేని చోట్ల పేషెంటునే పేరు అడగండి. "మీరు అప్పారావు గారేనా?" అనొద్దు, నీరసంలో ఉన్న మనిషి దేనికైనా ఊ అంటారు. "మీ పేరు చెప్పండి" అనండి.

తప్పు జరగబోయి ఆగినా ఆ రోజే హెడ్ సిస్టర్‌కి చెప్పండి. నేను చెప్పడానికి రెండు రోజులు తీసుకున్నాను. ఆ రెండు రోజులూ నరకం.

ఫోన్లు

నన్నడిగితే మహమ్మారి వార్డులో నర్సుని నలిపేసేది చావులు కాదు, ఫోన్లు. చావు దగ్గర కనీసం మన చేతికి పని ఉంటుంది. ఫోన్ దగ్గర మాట తప్ప ఏమీ ఉండదు. బయట గేటు దగ్గర చెట్టు కింద రెండు రోజులుగా కూర్చున్న కొడుకు, చెన్నైలో చిక్కుకుపోయిన కూతురు, టెక్కలి నుంచి ఎవరో పెద్దమనిషి. ఒకే పేషెంటు గురించి ఐదుగురు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏటమ్మా, మా నాన్నకి ఎలాగుంది?"

మొదట్లో నేను "బాగానే ఉన్నారు" అనేదాన్ని. ఎవరైనా అదే అంటారు, నోటికొచ్చే మాట అది. ఒకాయన గురించి పొద్దున అలాగే చెప్పాను. సాయంత్రానికి ఆయన పోయారు. ఆ అబ్బాయి నన్నేమీ తిట్టలేదు. "పొద్దున బాగానే ఉన్నాడన్నావు కదమ్మా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

కాబట్టి ఇలా చేయండి.

ఒక్కో పేషెంటుకి ఒక్క ఇంటి మనిషి, ఒక్క నంబరు. చేర్చుకునేటప్పుడే కేస్ షీట్ మీద రాయించండి. మిగిలిన చుట్టాలందరూ ఆ మనిషినే అడగాలి. "మీలో ఎవరికి చెప్తే అందరికీ చేరుతుందో ఆ నంబరివ్వండి" అని అడిగితే ఎవరూ కాదనరు.

ఫోన్లకి టైము పెట్టండి. మాకు పదకొండు, అయిదు. ఆ టైముకి మీరే చేయాలి. వాళ్లు చేసేదాకా ఆగితే ఇరవై ఫోన్లొస్తాయి, మీరు చేస్తే ఒక్కటి సరిపోతుంది. ఫోన్ చేసే సిస్టరు ఆ గంట కిట్ లేకుండా బయట నర్సింగ్ స్టేషన్‌లో కూర్చునే మనిషి అయ్యుండాలి. వార్డులో పని చేస్తూ చెవికి ఫోన్ ఆనించుకోకూడదు. టెన్షన్ సంగతి సరే, ఇన్ఫెక్షన్ కూడా.

బాగున్నారా లేదా అన్నది చెప్పకండి. కంటికి కనిపించిన మూడు సంగతులు చెప్పండి. ఏం తిన్నారు. ఆక్సిజన్ ఎంత మీద ఉంది, నిన్నటి కంటే పెరిగిందా తగ్గిందా. డాక్టరు ఈ రోజు ఏం చేయబోతున్నారు. "పొద్దున రెండు ఇడ్లీల్లో ఒకటి తిన్నారండి. నిన్న నిమిషానికి పది లీటర్ల ఆక్సిజన్ మీద ఉన్నారు, ఈ రోజు పన్నెండుకి పెంచాం. బోర్లా పడుకోబెడుతున్నాం, దానివల్ల కొంత మెరుగవుతుందేమో సాయంత్రం చూసి చెప్తాను." ఇందులో అబద్ధం లేదు, లేనిపోని ఆశా లేదు. పెరుగుతోందని వాళ్లకే అర్థమవుతుంది. రేపు ఏదైనా జరిగినా, మీరు దాచారన్న మాట రాదు.

"బతుకుతాడా సిస్టరమ్మా?" అని తిన్నగా అడిగేవాళ్లుంటారు. "ఆ మాట నేను చెప్పలేనమ్మా, డాక్టరుగారితో సాయంత్రం మాట్లాడిస్తాను" అని, ఆ సాయంత్రం నిజంగానే మాట్లాడించండి. పోయారన్న కబురు డాక్టరే చెప్పాలి. అది నర్సు మెడకి చుట్టడం చాలాచోట్ల జరిగింది. మీకలా చెప్పమంటే "మీరు చెప్పండి సార్, నేను పక్కనుంటాను" అనండి. పక్కన ఉండటం మాత్రం మానకండి, వాళ్లు తర్వాత అడిగే చిన్న ప్రశ్నలకి జవాబులు మన దగ్గరే ఉంటాయి. చివర్లో నీళ్లడిగాడా, ఎవర్నైనా తలచుకున్నాడా. తెలిస్తే చెప్పండి. తెలియకపోతే కల్పించకండి.

గొంతు పెంచి తిట్టేవాళ్లతో వాదించొద్దు. "మీరు కోపంగా ఉన్నారు, అర్థమవుతోంది. నేను పదినిమిషాల్లో మళ్లీ చేస్తాను" అని పెట్టేయండి. చెప్పినట్టే మళ్లీ చేయండి. చెయ్యి లేపే పరిస్థితి వస్తే మాత్రం అది ఓర్చుకునే విషయం కాదు. అంటురోగాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ఆరోగ్య సిబ్బంది మీద దాడికి 3 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. గాయం తీవ్రమైతే 6 నెలల నుంచి 7 ఏళ్లు. మామూలు రోజుల్లో కూడా వర్తించే రాష్ట్ర చట్టం 2008 నుంచీ ఉంది. కంప్లైంట్ మీరొక్కరే వెళ్లి ఇవ్వకండి, ఆసుపత్రి తరఫున వెళ్లాలి.

మనిషి పోయినప్పుడు

పది నిమిషాలు. అంతకంటే ఎక్కువ దొరకదు, అంతకంటే తక్కువ తీసుకోకండి. మీ బెడ్లు తోడు సిస్టర్‌కి చెప్పి అప్పగించండి. కళ్లు మూసి, దుప్పటి సరిచేసి, పేరుతో ఒకసారి పిలవండి. ఇది ఏ ప్రోటోకాల్‌లోనూ లేదు, మా సీనియర్ ఒకావిడ చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. తర్వాత వస్తువులు ఇద్దరు కలిసి రాయాలి: ఫోను, ఉంగరం, మొలతాడు, కళ్లజోడు. ఇద్దరూ సంతకాలు చేయాలి. ఉంగరం పోయిందన్న గొడవ ఒక్కటి చాలు, మూడు నెలలు నిద్ర చెడగొట్టడానికి.

ఏడుపొస్తే ఏడవండి. గాగుల్స్ లోపల ఏడిస్తే తుడుచుకోలేం, అదొక్కటే ఇబ్బంది.

కిట్ తీసే గది

అలసిపోయి, ఎప్పుడు బయటపడదామా అన్న తొందరలో ఉంటాం. తొందరపడకూడని చోటు కూడా అదే. మా తోటివాళ్లలో జబ్బు పడినవాళ్లు చాలామంది కిట్ తీసే దగ్గరే పొరపాటు చేశామని చెప్పుకున్నారు. మీ ఆసుపత్రి గోడ మీద అంటించిన క్రమమే పాటించండి. దాంట్లో ప్రతి మెట్టుకీ మధ్య చేతులు శుభ్రం చేసుకోవడం మానకండి. ఎన్95 మాత్రం ఆ గది దాటాకే తీయాలి, ముందువైపు ముట్టకుండా పట్టీలు పట్టుకుని. అద్దం లేకపోతే అడిగి పెట్టించండి. మనకి కనిపించని మరక తోడు మనిషికి కనిపిస్తుంది, ఎవరూ లేనప్పుడు అద్దానికి కనిపిస్తుంది.

స్నానం అయ్యాక, బస్సుకో బండికో పరిగెత్తకుండా తోడు సిస్టర్‌తో ఐదు నిమిషాలు నిలబడండి. ఇద్దరూ మూడేసి మాటలు చెప్పుకోవాలి. ఈ రోజు కష్టంగా అనిపించింది ఏది. బాగా జరిగింది ఏది, ఒక్కటైనా సరే. ఇంకా మనసులో పీకుతున్న పని ఏదైనా ఉందా, అది ఎవరికి అప్పగించాం. మూడోదే ముఖ్యం. "14వ బెడ్‌కి సాయంత్రం షుగర్ చూడాలని చెప్పానా లేదా" అన్న అనుమానం ఆమదాలవలస గేటు దగ్గర గుర్తొస్తే ఇక ఆ రాత్రి పోయినట్టే. గుర్తొస్తే అక్కడే వార్డుకి ఫోన్ చేయండి, కాగితం మీద ఉంటే అసలు గుర్తే రాదు.

ఇంటికి, నిద్రకి

నైట్ డ్యూటీ దిగాక స్కూటీ మీద హైవే ఎక్కకండి. 16వ నంబరు జాతీయ రహదారి మీద పొద్దున ఎనిమిదింటికి లారీల మధ్య కళ్లు మూతలు పడితే చెప్పేదేముంది. ఇరవై నిమిషాలు రెస్ట్ రూంలో కునుకు తీసి బయల్దేరండి, లేకపోతే ఎవరినైనా రమ్మనండి, లేదా బస్సు.

నైట్‌లో టీ కాఫీలు రెండున్నర, మూడు దాటాక వద్దు. తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఇంటికెళ్లాక గదికి దుప్పటి కట్టయినా చీకటి చేయండి. పక్కింటివాళ్ల మిక్సీ శబ్దం తప్పదు, ఫ్యాను స్పీడు పెంచుకోండి. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లుతూ ఫోన్ చూడకండి, లేచి ఏదైనా మామూలు పని చేయండి, వస్తే పడుకోండి.

ట్రాలీలోని నిద్రమాత్ర ఇంటికి తీసుకెళ్లకండి. మందు మన చేతిలో ఉండే ఉద్యోగం మనది, అదే మనకున్న పెద్ద ప్రమాదం. "ఒక్కరోజే" అని మొదలుపెట్టి ఆరునెలలు ఆపలేకపోయినవాళ్ల గురించి విన్నాను. కావాలంటే డాక్టర్ చీటీ మీద, మీ పేరు మీద.

ఇంటి ఓనరు, వీధి

2020లో కొంతమంది సిస్టర్లని ఇల్లు ఖాళీ చేయమన్నారు. పాలవాడు గేటు బయటే పెట్టి పోయాడు. ఇలాంటిది ఎదురైతే ఒక్కరే వాదనకి దిగకండి. ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. నేను పైన చెప్పిన 2020 చట్టంలో దాడి అంటే కొట్టడం ఒక్కటే కాదు, డ్యూటీ చేసుకోనివ్వకుండా బతుకుకి అడ్డుపడే వేధింపు కూడా అందులోకే వస్తుంది. చాలాసార్లు పోలీస్ కేసు దాకా అక్కర్లేదు, ఆ వీధిలో ఒక పెద్దావిడ మనవైపు మాట్లాడితే సరిపోతుంది. మాకు ఆ పెద్దావిడ దొరికింది. ఆవిడ మనవరాలికి గతంలో మేమే పురుడు పోసి ఉండటం మా అదృష్టం.

ఇది అలసటా, జబ్బా?

రెండు ప్రశ్నలు వేసుకోండి. గత రెండు వారాల్లో, ఏ పని మీదా ఆసక్తి, ఇష్టం లేకుండా ఉన్నారా? దిగులుగా, ఏ ఆశా లేనట్టు ఉన్నారా? అస్సలు లేదంటే 0, కొన్ని రోజులు 1, సగానికి పైగా రోజులు 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌ని కలవాలి. డాక్టర్లు వాడే చిన్న పరీక్షే ఇది. జబ్బు పేరు ఇది తేల్చదు, వెళ్లాలా వద్దా అన్నది తేలుస్తుంది.

ఇంకో గుర్తు ఉంది, అది నర్సులకి ప్రత్యేకం. పేషెంటుని పేరుతో కాకుండా "ఆ 9వ నంబరు" అనడం మొదలవుతుంది. ఎవరైనా పిలిస్తే జాలి బదులు కోపమొస్తుంది. ఎంత చేసినా ఏం లాభం అనిపిస్తుంది. మీరు చెడ్డవాళ్లయిపోలేదు, లోపల నూనె అయిపోయింది, అంతే. ఒకసారి మీ మాటలు మీరే విని చూసుకోండి, లేదా తోడు మనిషిని అడగండి.

మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, ఫోన్‌కి డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మన ఆసుపత్రిలోనే మానసిక వైద్యులున్నా, తెలిసినవాళ్ల ముందు కూర్చోవడానికి మొహమాటం ఉంటే ముందు ఇక్కడ మాట్లాడండి. చచ్చిపోతే బాగుణ్ననిపిస్తే మాత్రం రేపటికి వాయిదా వద్దు. ఆ గంటలోనే ఒక మనిషికి చెప్పి, వాళ్లని మీ పక్కనే ఉండమనండి, ఆసుపత్రికి తీసుకెళ్లమనండి.

హెడ్ సిస్టర్లకి నాలుగు మాటలు

పైన రాసినవన్నీ నర్సు తన చేతిలో చేసుకోగలిగినవి. కానీ టెన్షన్‌లో సగం రోస్టర్‌లోనే పుడుతుంది. 2020 మే 3న హెలికాప్టర్ల నుంచి ఆసుపత్రుల మీద పూలు చల్లారు. కాదనను, బాగుంది. ఆ రోజు మాకు కావలసింది మాత్రం కిట్ తీసే గది పక్కన నీళ్లొచ్చే బాత్రూమ్.

రోస్టర్ రెండు వారాలకి ముందే అంటించండి. నైట్లు వరసగా ఎక్కువ వేయకండి. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పిల్లలకే కష్టమైన వార్డు పదేపదే పడకుండా చూడండి, వాళ్లు నోరు విప్పి చెప్పరు, ఉద్యోగం పోతుందని భయం. ఎఫ్‌ఎన్‌ఓలని (వార్డులో నర్సులకి సాయం చేసే ఆడవాళ్లని), శానిటేషన్ వాళ్లని కూడా ఆ ఐదు నిమిషాల మాటలో కలపండి. వాళ్లు చూసిన చావులు మనకంటే తక్కువేం కాదు. పైవాళ్లని ఏదైనా అడగాల్సి వస్తే నోటితో కాకుండా కాగితం మీద, తేదీ వేసి, అంకెతో అడగండి. "సిబ్బంది చాలడం లేదు" అంటే ఎవరూ కదలరు. "రాత్రి ఇరవైనాలుగు ఆక్సిజన్ బెడ్లకి ఇద్దరమే ఉన్నాం" అంటే కదిలే అవకాశం ఉంది.

సెలవు మొదటి రోజు

వార్డు డ్యూటీ విడత అయ్యాక దొరికే సెలవులో మొదటి రోజు ఎవరి ఇంటికీ వెళ్లకండి, ఎవర్నీ రమ్మనకండి. తలంటుకోండి. వేడన్నంలో పప్పు, ఆవకాయ, నెయ్యి. రెండు వారాల పాటు చల్లారిన ప్యాకెట్ అన్నం తిన్నాక ఆ ముద్ద రుచి నేను చెప్పక్కర్లేదు. మాటలు రాకపోతే ఇంట్లోవాళ్లకి "ఈ రోజు నన్నేమీ అడగొద్దు, రేపు చెప్తాను" అని చెప్పేయండి, వాళ్లు తప్పుగా అనుకోరు. వార్డు వాట్సాప్ గ్రూపు మ్యూట్‌లో పెట్టండి. మీ బెడ్లు ఎవరికి అప్పగించారో వాళ్లు అక్కడే ఉన్నారు.